సమముగా ముగిసిన చదరంగపుటాట

మన కావలి సీమలో అరుగులపై చదరంగమాడువారు ఆట కట్టుదాక లేవరు. జయాపజయములు తేలని యాటను వట్టి యాటయని త్రోసివేయుదురు. అట్టి యాట యొకటి 2025వ సంవత్సరము జులై 26వ తేదీన నల్లసముద్రతీరమున, జార్జియా దేశమందలి బటూమి నగరమున జరిగెను. అది వట్టి యాట యగునో కాదో విచారింతము.

అది మహిళల ప్రపంచ కప్పు తుదిపోరునందలి మొదటి యాట. ఇరువురును భారతీయులే. ఒకరు గుడివాడలో జన్మించి, 2002లో 15వ యేటనే గ్రాండ్‌మాస్టరయిన మన కోనేరు హంపి. రెండవవారు నాగపురము వాస్తవ్యురాలు, 19 ఏండ్ల దివ్యా దేశ్‌ముఖ్. 38 ఏండ్ల హంపి నల్లపావులతో ఆడెను.

దివ్య మంత్రి ముందరి బంటును రెండు గడులు నడిపి, పిమ్మట దాని ప్రక్కనున్న శకటు బంటును ఎరగా నిలిపెను. హంపి ఆ బంటును చంపెను. దీనినే క్వీన్స్ గాంబిట్ యాక్సెప్టెడ్ అందురు. ఎర గొన్నవారు దానిని కడదాక దక్కించుకొన జూచిన చెడుదురు. సమయమెరిగి విడిచి, ఎదిరి నడిమి బంట్లను తాకుటయే నేర్పు.

ఈ యారంభము మన ప్రాచీన చతురంగమున పుట్టజాలదు. నాడు బంటు ఒక్క గడియే నడుచును. మంత్రియు మూలగా ఒక్క గడియే. ఆట పారసీకులకు, అరబ్బులకు, వారి వలన ఐరోపీయులకు చేరెను. అచ్చట బంటునకు మొదటి యెత్తున రెండు గడుల నడక లభించెను. 15వ శతాబ్ది చివర మంత్రి రాణియై పటమంతయు తిరుగ మొదలిడెను. ఆ కాలపు గోటింగెన్ వ్రాతప్రతియందే ఈ యెర కానవచ్చును. మన యింట పుట్టిన విద్య పరదేశమున రూపు మారి, ఇరువురు భారత వనితల చేతికి మరల వచ్చెను.

ఆట నడుమ దివ్యకు మెరుగైన స్థితి లభించెను. హంపి తొట్రుపడక నిలిచెను. తుదకు చెరి యర గుణము. మరునాటి యాటయు సమమే. 28వ తేదీన తక్కువ కాలపరిమితి గల రెండాటలలో మొదటిది సమమయ్యెను. రెండవదానిని దివ్య గెలిచి, 2½–1½ గుణములతో కప్పును, దానితో గ్రాండ్‌మాస్టరు బిరుదమును పొందెను.

హంపి తుదకు ఓడెను గదా, ఆ సమము వలన ఫలమేమందురా? అది లేకున్న మూడవనాడే లేకపోవచ్చును. ఇరుగుణముల పోరులో మొదటి దినమున ఓడినవారికి మరునాటి గెలుపు తప్ప దారి లేదు. క్లిష్టస్థితిని కాపాడుకొనుటయు విద్యయే.

మీ మనుమరాలు ఆడి వచ్చినప్పుడు గెలిచితివా యని మాత్రమే యడుగకుడు. నిలిచితివా యనియు నడుగుడు.