గోదారి దాకా వెళ్ళి తెచ్చుకున్న నీళ్ళు

విశాఖపట్నానికి కొండలున్నాయి, సముద్రముంది, చెప్పుకోదగ్గ నది లేదు. ఉత్తరాన కైలాసగిరి, సింహాచలం కొండలు. దక్షిణాన యారాడ కొండ, సముద్రంలోకి పొడుచుకొచ్చిన డాల్ఫిన్ నోస్. మధ్యన పల్లం. వాన పడితే కొండల మీది నీళ్ళు గెడ్డలై ఆ పల్లంలోకి దిగి ఉప్పుటేట్లో కలిసేవి. ఇవాళ ఇన్నర్ హార్బరు ఉన్నది ఆ ఉప్పుటేరు ఉన్న చోటే. 1920లలో దాన్ని డ్రెడ్జర్లతో తవ్వి, తవ్విన మట్టితో చుట్టుపక్కల చిత్తడి పూడ్చారు. 1933లో మొదటి ఓడ లోపలికొచ్చింది. ఆ డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి రేవును ప్రారంభించాడు. చిత్తడి పోయింది గాని గెడ్డలు పోలేదు. ఎర్రిగెడ్డ, గంగులగెడ్డ, మేఘాద్రిగెడ్డ ఇప్పటికీ ఆ పల్లానికే దిగుతాయి. కాకపోతే ఇప్పుడు వాన లేని రోజున కూడా పారుతున్నాయి. ఎండాకాలంలో పారే గెడ్డలో ఏముంటుందో గెడ్డ పక్కనే ఉండే జ్ఞానాపురం వాళ్ళనడిగితే చెబుతారు.

ఊరికి తాగే నీళ్ళు వచ్చిన దారి వేరే. 1901 జనగణనలో ఊరి జనం 40 వేల చిల్లర. వాళ్ళకు బావులు, ఆ తర్వాత ముడసర్లోవ చెరువు. ఊరు పెరిగేకొద్దీ నీళ్ళు దూరమయ్యాయి. గోస్తనీ నది ఇసకలో ఊటబావులు, గంట్యాడ దగ్గర తాటిపూడి రిజర్వాయరు, మేఘాద్రిగెడ్డ మీద ఆనకట్ట, దేవరాపల్లి దగ్గర శారదా నది మీద రైవాడ. ఒక్కొక్కటీ ఊరికి కొంచెం ఎడంగా జరుగుతూ పోయింది. రైవాడ నీళ్ళు మా పొలాలవని అక్కడి రైతులు ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు. కొళాయి తిప్పినప్పుడు ఆ మాట మనకు గుర్తుండదు.

తర్వాత ఉక్కు కర్మాగారం. దాని కోసం 1966లో సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాక, 1971 జనవరిలో ఇందిరాగాంధీ బాలచెరువు దగ్గర శంకుస్థాపన చేశారు. ఉక్కు కరగడానికి బొగ్గు ఎంత అవసరమో చల్లారడానికి నీళ్ళూ అంతే అవసరం. అందుకని ఏలేశ్వరం దగ్గర ఏలేరు మీద రిజర్వాయరు కట్టి, 150 కిలోమీటర్ల పైచిలుకు కాలవ తవ్వి, కణితి దగ్గర బ్యాలెన్సింగ్ రిజర్వాయరులోకి తెచ్చారు. ఆ కాలవ భూముల పరిహారం చుట్టూ ఏలేరు కుంభకోణం అన్న పేరు పుట్టి, కోర్టుల్లో చాలాకాలం నలిగింది. ఏలేరు చాలనప్పుడు గోదావరి నుంచి ఎత్తిపోసి అదే కాలవలో కలిపారు. ఉమ్మడి తూర్పుగోదావరి జిల్లాలో పంపులు ఆగితే ఉక్కు కర్మాగారం పక్కనున్న గాజువాకలో కంగారు పుడుతుంది. నీటి కోసం ఇంత దూరం వెళ్ళిన ఊరు, వాడేసిన నీళ్ళను మాత్రం పక్క సందులోకి వదిలేసి చేతులు దులుపుకుంది.

మురుగు పైపులు రాకముందు పాత ఊరి పాయిఖానాలు ఎత్తిపోసినవాళ్ళు ఎక్కువగా రెల్లి కులస్థులు. ఊరి చరిత్ర రాసేవాళ్ళు టౌన్‌హాలు గురించీ కురుపాం మార్కెట్ గురించీ పేజీలు నింపుతారు. తలమీద తట్టతో వన్ టౌన్ సందుల్లో తిరిగిన ఆ ఆడవాళ్ళ గురించి ఒక్క వాక్యం కనబడదు. మనిషి మలాన్ని మనిషి చేత ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకా గట్టి చట్టం వచ్చాయి. మురుగు పథకం ఏదైనా వేసేటప్పుడు మొదటి లెక్క డబ్బుది కాదు, మాన్‌హోల్లోకి ఎవరూ దిగనక్కర్లేకుండా చెయ్యడం అన్నది నా అభిప్రాయం.

ఇంజనీర్లు మురుగునీటి లెక్క ఒకటి చెబుతారు. ఇంట్లో వాడిన నీటిలో దాదాపు 80 శాతం మురుగై బయటికొస్తుంది. పట్టణాలకు తలసరి రోజుకు 135 లీటర్లు కొలమానం. 2011 జనగణనలో విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) పరిధి జనాభా 17 లక్షలు దాటింది. ఆ జనాభాకు ఆ లెక్క వేస్తే రోజూ 18 కోట్ల లీటర్లకు పైగా మురుగు తేలుతుంది. పదిహేనేళ్ళ కిందటి జనాభాకే ఇంత. ఏలేరు, గోదావరి అని తిరిగినవాళ్ళం, ఇంత నీరు ఊళ్ళోనే, ఏ వేసవిలోనూ ఎండకుండా ఉందని చూసుకోలేదు.

చూసుకోలేదనడం పూర్తిగా నిజం కాదులెండి. జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునర్నిర్మాణ పథకం రోజుల్లో భూగర్భ డ్రైనేజీ పనులు జోరుగా సాగాయి. అప్పుఘర్ దగ్గర 25 ఎంఎల్‌డీ, పాత ఊరికి 38 ఎంఎల్‌డీ శుద్ధి కేంద్రాలు వచ్చాయి. ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు 10 లక్షల లీటర్లు. నరవ దగ్గర వీటికంటే పెద్దదే తలపెట్టారు. 2016 తర్వాత ఆసియా అభివృద్ధి బ్యాంకు రుణంతో కదిలిన విశాఖ–చెన్నై పారిశ్రామిక కారిడార్ పనుల్లో కూడా నరవ పేరుంది, శుద్ధి చేసిన నీటిని పరిశ్రమలకు ఇవ్వాలన్న మాటా ఉంది. పోర్టు అయితే బొగ్గు కుప్పల మీద దుమ్ము అణచడానికి శుద్ధి చేసిన మురుగునీరు వాడుతోంది. పూర్ణా మార్కెట్ వైపు డాబాల మీద ఆ నల్లటి పొడిని తుడిచి తుడిచి విసిగిన గృహిణులు దీన్ని మెచ్చుకుంటారో లేదో గాని, తాగే నీళ్ళు బొగ్గు మీద చల్లడం కన్నా ఇది నయం.

మా ఊరికి ఒక అదృష్టం ఉంది. మురుగు తనంతట తాను ఏ పల్లానికి పారుతుందో, నీళ్ళు కొనగలిగేవాళ్ళు ఆ పల్లం చుట్టూనే ఉన్నారు. రేవు, 1957లో కాల్‌టెక్స్ పేరుతో మొదలై హెచ్‌పీసీఎల్ అయిన రిఫైనరీ, 1967 నాటి కోరమాండల్ ఎరువుల కర్మాగారం, కాస్త అవతల ఉక్కు. కూలింగ్ టవర్లకు గోదావరి నీళ్ళే కావాలని లేదు. మురుగులో మలినాన్ని బాక్టీరియా చేత తినిపించి, వడకట్టి, క్లోరిన్ పెడితే తోటలకూ దుమ్ముకూ సరిపోతుంది. కూలింగ్ టవరుకు ఇంకో అంచె శుద్ధి కావాలి. బాయిలరుకైతే ఆర్వో దాకా వెళ్ళాలి. మద్రాసు రిఫైనరీ 1990ల మొదట్లోనే అక్కడి నీటి సంస్థ మెట్రోవాటర్ దగ్గర మురుగు కొని, శుద్ధి చేసుకుని వాడటం మొదలుపెట్టింది. అప్పట్లో నీళ్ళకు కటకట పడి ఆ పని చేశారు. మనం కటకట వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

అడ్డంకులు రెండున్నాయి. ఒకటి పాత చిత్తడే. ఉప్పునేల మీద వేసిన పైపు ఎక్కడైనా చిట్లితే ఉప్పునీరు లోపలికి ఊరుతుంది. మామూలు శుద్ధి కేంద్రం ఉప్పును తియ్యలేదు. అలాంటి నీరు తోటకీ పనికిరాదు, ఇనుప గొట్టానికీ పడదు. అందుకే హార్బరు చుట్టుపట్ల పైపుల అతుకులు బాగుచెయ్యడం కొత్త కేంద్రం కట్టినంత అవసరం. దానికి శిలాఫలకం ఉండదు కాబట్టి ఎవరికీ ఉత్సాహం ఉండదు. రెండోది ఇంటి కనెక్షను. వీధిలో పైపు వేసి, దూరాన కేంద్రం కట్టేసి, మధ్యలో ఇంటి సెప్టిక్ ట్యాంకు సైడు కాలవలోకి పొర్లుతుంటే కేంద్రానికి మురుగు చేరేదెలా? కనెక్షన్ రుసుము పేదవీధుల్లో మాఫీ చేసినా నష్టమేమీ లేదు. అవతలివైపు ఆ నీళ్ళకు డబ్బులిచ్చేవాళ్ళున్నారు. అయితే కాలవ నీళ్ళు అంతకంటే చవగ్గా దొరికినన్నాళ్ళు ఏ కర్మాగారమూ శుద్ధి చేసిన నీటి వైపు చూడదు. ఈ రెండు ధరలనూ ఒకే బల్ల మీద పెట్టి నిర్ణయించాలి. అలా మిగిలే ఏలేరు నీళ్ళను ఊరి తాగునీటికి మళ్ళిస్తే, దేవరాపల్లి రైతుకు రైవాడ నీళ్ళు కొంతైనా వదలొచ్చు.

ఇదంతా హార్బరు వైపు సంగతి. ఊరిప్పుడు పెరుగుతున్నది మధురవాడ, ఆనందపురం మీదుగా భోగాపురం వైపు. అక్కడి గెడ్డలు సముద్రానికే పోతాయి, దారిలో నీళ్ళు కొనే రిఫైనరీ లేదు. ఒక్కో అపార్ట్‌మెంటుకీ సొంత శుద్ధి యంత్రం ఉండాలని నిబంధన పెడితే, కరెంటు బిల్లు చూసి సంఘం వాళ్ళు దాన్ని ఆపేస్తారు. రెండు మూడు కాలనీలకు కలిపి, గెడ్డ ఒడ్డునే ఒక మోస్తరు కేంద్రం కట్టి, ఫ్లష్‌కీ తోటలకీ విడిగా ఇంకో పైపు తిరిగి ఇళ్ళకు తేవడం మేలు. ఆ రెండో పైపుకు చోటు రోడ్డు వెయ్యకముందే ఉంచాలి. గెడ్డ వెడల్పు కూడా అప్పుడే కొలిచి రాళ్ళు పాతాలి. ఊళ్ళోని చావులమదుం దగ్గర ఆ పని ఎవరూ చెయ్యలేదు. ఇప్పటికీ గట్టి వాన కురిస్తే అక్కడ బస్సులు ఆగిపోతాయి.