చలికాలమంతా రోజుకో మాత్ర

ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ గురించి లోకానికి తెలిసింది 1948 జులైలో. అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయం పొలం మట్టిలో దొరికిన బంగారు రంగు సూక్ష్మజీవి నుంచి బెంజమిన్ డగ్గర్ దాన్ని తీశారు, అదీ డెబ్బయ్యేళ్లు దాటాక. ఆయన పనిచేసిన లెడర్లీ సంస్థలో పరిశోధనలకు సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మరుసటి నెలలోనే సుబ్బారావు కన్నుమూశారు. ఆ మందు వంశం, అంటే టెట్రాసైక్లిన్లు, ఎంత దూరం వెళ్లాయో చూడలేదు.

అవి వెళ్లిన చోట్లలో బ్రిటన్ ఒకటి. 1952 డిసెంబరులో బొగ్గుపొగ కలిసిన మంచు లండన్‌లో వేలమందిని బలిగొంది. ఏటా మూడు నెలల చొప్పున వరసగా రెండేళ్లు తెమడతో దగ్గు వస్తే దీర్ఘకాలిక బ్రాంకైటిస్ అంటారు. అక్కడి కార్మికులకు అది చలికాలపు చుట్టం. జబ్బు తిరగబెట్టేదాకా ఆగడమెందుకని వైద్యులు చలికాలం పొడవునా టెట్రాసైక్లిన్ రకం మాత్రలు మింగించి చూశారు. అక్కడి వైద్య పరిశోధన మండలి 1966లో ఫలితం చెప్పింది: పనికి నాగా పడే రోజులు తగ్గాయి, ఊపిరితిత్తుల క్షీణత మాత్రం ఆగలేదు. కూలి దక్కడం చిన్న లాభమేమీ కాదని నాకనిపిస్తుంది. కానీ 1977లో ఫ్లెచర్, పీటో అనే పరిశోధకులు అసలు దోషి సిగరెట్టేనని చూపించాక ఈ ఆలోచన మూలపడింది.

మళ్లీ లేచింది జపాన్‌లో. 1980లలో షోజీ కుదో అనే వైద్యుడు, వాయునాళాలు చీముపట్టే ఒక మొండి జబ్బుకు ఎరిత్రోమైసిన్‌ను తక్కువ మోతాదులో నెలల తరబడి ఇచ్చారు. క్రిమిని చంపడానికి చాలని మోతాదుతోనే రోగులు కోలుకున్నారు! మందు క్రిమి మీద కన్నా వాపు మీద పనిచేస్తోందన్నమాట. ఆ దారిలోనే అమెరికాలో 1,142 మంది సీఓపీడీ (దీర్ఘకాలిక బ్రాంకైటిస్ కూడా చేరిన, ఊపిరి దారులు ఇరుకయ్యే జబ్బు) రోగులతో జరిగిన పరీక్ష ఫలితాలు 2011లో వెలువడ్డాయి. సగం మందికి ఏడాదిపాటు రోజూ 250 మిల్లీగ్రాముల అజిత్రోమైసిన్ (ఎరిత్రోమైసిన్ కుటుంబపు మందే), మిగతావారికి ఉత్తుత్తి మాత్ర. జబ్బు తిరగబెట్టడం ఏడాదికి సగటున 1.83 సార్ల నుంచి 1.48కి తగ్గింది. వినికిడి తగ్గినవాళ్లు మాత్రం 20 శాతం బదులు 25 శాతం.

ఇదే మందుల చీటీ బెంగళూరులో రాయాలంటే లెక్క మారుతుంది. 2006లో వెలువడిన నాలుగు నగరాల సర్వేలో బెంగళూరూ ఉంది; మొత్తంమీద 35 ఏళ్లు దాటినవారిలో 4.1 శాతం మందికి సీఓపీడీ తేలింది. జాతీయ క్షయ సంస్థ 1959 నుంచి ఉన్నదీ ఈ ఊళ్లోనే. ఆగని దగ్గు వెనక క్షయ దాగి ఉండొచ్చు. మాక్సిఫ్లాక్సాసిన్ లాంటి మరో యాంటీబయాటిక్ ఇస్తే క్షయ కొన్నాళ్లు అణిగి, నిర్ధారణ ఆలస్యమవుతుంది. క్షయ క్రిమి దాయాదులు కొన్ని ఊపిరితిత్తుల్లో ఉండగా అజిత్రోమైసిన్ ఒక్కటే వాడితే, అవి దానికి లొంగకుండా పోతాయి. అందుకే తెమడ పరీక్ష, గుండె లయ చూసే ఈసీజీ, వినికిడి పరీక్ష అయ్యాకే మాత్ర. పొగ తాగడం మానని వారికి దానివల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదని ఆ అమెరికా పరీక్ష లెక్కల్లోనే తేలింది.