జ్వరం వచ్చిన మర్నాడు

2003 జూలై. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి, పిల్లల వార్డు. తెల్లవారి ఐదు దాటింది, ఉక్కపోత మాత్రం తగ్గలేదు. గుమ్మం దగ్గర నిలబడకండి, గోడ వారకు జరగండి. ఒక తండ్రి ఐదేళ్ల కొడుకును భుజాన వేసుకుని పరుగున వస్తున్నాడు. ఆ ఏడాది ఉత్తర తెలంగాణ పల్లెల నుంచి ఇలాగే వచ్చిన పిల్లల్లో ఒకడు అనుకోండి.

"ఎప్పటి సంది జరం?" అంటూ డాక్టర్ అప్పటికే పిల్లవాడిని మంచం మీద ఓ పక్కకు తిప్పి పడుకోబెడుతున్నాడు.

"నిన్న పొద్దూకేదాక మంచిగనే ఆడుకున్నడు సారూ," అంది తల్లి. "రాత్రి బువ్వ తినేయాళ్లకు ఒళ్లు కాలింది. రెండు మాట్ల కక్కిండు. నడిజామున కండ్లు తేలేసి కొట్టుకున్నడు. గప్పటి సంది పిలిస్తే పలుకుతలేడు."

ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక సూది వేశాడు. ఆటో దొరికేసరికి మూడైంది. 108 అంబులెన్సు ఇంకా లేదు, అది మొదలయ్యేది 2005 ఆగస్టులో. రాత్రిపూట పల్లె నుంచి పెద్దాసుపత్రికి రావాలంటే ఎవరి ఆటోనో, జీపో దొరకాలి. ఈ జబ్బుకు మాత్రం అంత ఓపిక లేదు.

ఇప్పుడు మంచం దగ్గరికి రండి. సిస్టర్ నోట్లో నురగ సక్షన్‌తో లాగేసి ఆక్సిజన్ పెట్టింది. మూర్ఛ ఆగడానికి మందు ఎక్కింది. వేలి చివర సూదితో గుచ్చి రక్తంలో చక్కెర చూశారు. అది అన్నిటికంటే తేలికైన పరీక్ష, ఒక్కోసారి అదే ప్రాణం నిలబెడుతుంది. బిహార్‌లోని ముజఫర్‌పూర్‌లో ఏటా వేసవిలో పిల్లలు ఇలాగే మూర్ఛలతో పడిపోతుంటే మెదడువాపు వైరస్ అనే అనుకున్నారు. 2014లో జరిగిన పరిశోధనలో తేలిందేమిటంటే, రాత్రి అన్నం తినకుండా పడుకున్న పిల్లలకు లీచీ పండ్లలోని విషపదార్థం వల్ల చక్కెర అమాంతం పడిపోతోంది. అలాంటి బిడ్డకు వేళకు గ్లూకోజ్ ఎక్కిస్తే బతికే అవకాశం పెరుగుతుంది. ఈ పిల్లవాడికి మాత్రం చక్కెర బాగానే ఉంది.

డాక్టర్ కంట్లో టార్చి వేశాడు. రెండు కంటిపాపలూ ముడుచుకున్నాయి గానీ ఎడమది కాస్త ఆలస్యంగా. ఆయన ముఖం బిగుసుకుంది. మెదడు వాచినప్పుడు అది పెరగడానికి పుర్రెలో చోటు ఉండదు. ఒత్తిడి పెరిగేకొద్దీ లోపలికి రక్తం రావడం కష్టమవుతుంది. రక్తం తగ్గితే వాపు ఇంకా పెరుగుతుంది. చివరికి మెదడు కిందికి తోసుకొచ్చి, శ్వాసను నడిపించే మెదడు కాండాన్ని నొక్కుతుంది. కంటిపాపే ముందుగా ఆ కబురు చెబుతుంది.

"మానిటాల్."

సిస్టర్ సీసాను ట్యూబ్‌లైటు వెలుగుకు ఎత్తి పట్టి, అడుగున పలుకులు కట్టాయేమోనని చూసింది. లేవు. ఇరవై శాతం మందు, పదిహేను కిలోల పిల్లవాడికి 75 మిల్లీలీటర్లు, అరగంటలో పోవాలి. అది మెదడులోని నీటిని రక్తంలోకి లాగి మూత్రంలో పంపేస్తుంది. తలవైపు మంచం ఎత్తు చేశారు. గొట్టం వేసిన సంచిలోకి మూత్రం దిగుతోంది.

"ఎన్నుపూసల నీరు తియ్యకుండ్రి సారూ, కాళ్లు పడిపోతయంట," అన్నాడు తండ్రి.

"పడిపోవు నాయినా. కానీ ఇప్పుడు తియ్య. ముందు వాపు దిగాలె."

ఇప్పుడు తియ్యకపోవడమే సరైన పని. ఒత్తిడి ఇంత ఉన్నప్పుడు వెన్ను నుంచి నీరు తీస్తే మెదడు మరింత కిందికి జారవచ్చు. అందుకని పరీక్షల ఫలితాలు రాకముందే, కారణం ఏదైనా సరే తగలాలని మందులు మొదలవుతాయి. బ్యాక్టీరియాకు సెఫ్ట్రియాక్సోన్. మలేరియా ఉండే ఏటూరునాగారం అడవుల వైపు నుంచి వచ్చిన బిడ్డయితే మెదడు మలేరియా అనుమానం కూడా ఉండాల్సిందే, అందుకు రక్తపు స్లైడు, క్వినైన్. జ్వరం, దాంతో స్పృహ తప్పడమో కొత్తగా మూర్ఛ రావడమో ఉంటే దాన్ని ఒకే గొడుగు కిందికి తెచ్చి అక్యూట్ ఎన్‌సెఫలైటిస్ సిండ్రోమ్ అంటారు. ఆ గొడుగు కింద పదుల కారణాలు ఉన్నాయి, తొలి గంటల్లో బిడ్డకు కావలసింది మాత్రం దాదాపు ఒక్కటే: ఊపిరి, చక్కెర, మూర్ఛ ఆగడం, వాపు దిగడం. వైరస్ పేరు తర్వాత తెలిసినా ఫరవాలేదు, ఈ నాలుగూ ఆలస్యం కాకూడదు. ఆ నాలుగూ ఊరికి ఎంత దగ్గరగా ఉంటే అన్ని ప్రాణాలు దక్కుతాయని నేను గట్టిగా నమ్ముతాను.

పదకొండు గంటలకు వరండాలో చూడండి. ఒక తల్లి ఎనిమిదేళ్ల కూతురి చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. పోయిన ఏడు వానలు వెనకపట్టాక వచ్చిన జపనీస్ మెదడువాపు ఆ పిల్లది. వరిమళ్ల దోమ, పందులు, కొంగల మధ్య తిరిగే వైరస్ అది. 1955లో వెల్లూరులో మన దేశంలో మొదటిసారి గుర్తించారు. మెదడు దాకా పాకితే 100 మందిలో 30 మంది దాకా పోతారు. బతికినవాళ్లలో చాలామందికి చెయ్యి వంకర, మాట తడబాటు, చదువు ఎక్కకపోవడం మిగిలిపోతాయి. దానికి టీకా ఉంది, ఆ జబ్బు ఉన్న జిల్లాల్లో ఇప్పుడు తొమ్మిదో నెలలో ఒకటి, ఏడాదిన్నర ప్రాయంలో మరొకటి వేస్తున్నారు. ఆ పిల్లకు అందలేదు. "గోలీలు ఆపద్దమ్మా, ఫిట్సు రాకున్నా ఆపద్దు," అని సిస్టర్ చెబుతోంది. తల్లి తల ఊపుతోంది.

లోపల, మధ్యాహ్నం రెండు కాకముందే, పిల్లవాడి ఎడమ కంటిపాప పెద్దదై వెలుగుకు కదలడం మానేసింది. ఇంకో మానిటాల్ ఎక్కించారు. శ్వాస ఆగుతూ వస్తోంది. చేతి పంపుతో గంటన్నర గాలి కొట్టారు. బిడ్డ దక్కలేదు. జ్వరం వచ్చి ఇరవై గంటలు కూడా కాలేదు.

ఆ ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు ఇలా జబ్బుపడ్డారు, 183 మంది చనిపోయారు. ఎక్కువమంది ఆసుపత్రిలో చేరిన ఒక్క రోజులోనే పోయారు. ఐసు పెట్టెల్లో నమూనాలు పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థకు వెళ్లాయి. అక్కడ జపనీస్ వైరస్ తేలలేదు. తేలింది చండీపురా వైరస్. 1965లో నాగపూర్ జిల్లా చండీపురా గ్రామంలో జ్వరం రోగుల రక్తంలో దొరికి, ఆ ఊరి పేరే తెచ్చుకున్నది, రేబిస్ వైరస్ కుటుంబానిది. అయితే అందరూ వెంటనే ఒప్పుకోలేదు. ఇది వాపు కాదు, మెదడు రక్తనాళానికి వచ్చిన దెబ్బ అని హైదరాబాద్‌లో కొందరు వైద్యులు వాదించారు. 2005, 2006లలో ఇదే ఎంజీఎంలో మెదడువాపుతో చేరిన పిల్లలను వరుసగా పరీక్షించారు. నమూనాలు అందినవారిలో దాదాపు సగం మందికి చండీపురాయే తేలింది. చేరిన పిల్లల్లో సగానికి పైగా చనిపోయారు. ఇది వేగంగా చంపే వైరస్. కానీ ఆ మొదటి రెండు రోజులు గట్టెక్కిన పిల్లల్లో చాలామంది జపనీస్ జబ్బు వచ్చినవాళ్లలా చెయ్యో మాటో పోగొట్టుకోకుండా ఇంటికి నడిచి వెళ్తారు. అందుకే ఆ గంటల గురించి ఇంతగా చెప్పడం.

2024లో గుజరాత్‌లో మళ్లీ అదే. జూన్ నుంచి ఆగస్టు మధ్య దాకా దేశంలో 245 మెదడువాపు కేసులు, 82 మరణాలు, 64 మందిలో చండీపురా. దానికి ఈనాటికీ మందు లేదు, టీకా లేదు.

ఇక పల్లెకు పదండి. మట్టిగోడల ఇల్లు, పక్కనే పశువుల కొట్టం. గోడ నెర్రెల్లోకి టార్చి వేయండి. నువ్వు గింజంత పురుగు, రెక్కలు పైకెత్తి కూర్చుంది. చండీపురాను మోసుకొచ్చే ఇసుక ఈగ ఇదే. పగలు చీకట్లో దాక్కుని, రాత్రి గంతులేస్తూ తిరుగుతుంది, ఎత్తుకు ఎగరలేదు. నేల మీద పడుకున్న పిల్లలకు అదే ముప్పు. మామూలు దోమతెర కన్నాల్లోంచి దూరిపోతుంది కూడా. దోమల మందు కొట్టే కుర్రాడు పంపు దించి సామాను బయట పెట్టమంటున్నాడు.

"దోమలకా బిడ్డా?" ముసలమ్మ అడిగింది.

"దోమలకు గాదు పెద్దమ్మా, గోడలున్న పురుగులకు. లోపట, కొట్టంల, అంతట కొట్టాలె. రెండు నెలలు గోడ మీద మట్టి గాని సున్నం గాని పుయ్యద్దు."

"బోనాలకు అలుకద్దంటవా?"

"నేల అలుకు. గోడ జోలికి పోకు. నెర్రెలు మాత్రం మందు కొట్టకముందే పూడ్సియ్యాలె, ఇగో ఇప్పుడే." కుర్రాడే తట్టలో మట్టి కలపడం మొదలుపెట్టాడు.