పుల్లరి బారిస్టరు

గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో. అప్పుడు ఒంగోలు కూడా ఇందులోదే. ప్రకాశం జిల్లా 1970లో గానీ విడిపోలేదు. ఆ పాత గుంటూరు జిల్లా 1921లో తెల్లదొరతనానికి నిద్ర లేకుండా చేసింది. చీరాల పేరాల జనం మునిసిపాలిటీ పన్ను కట్టబోమని మొండికేసి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద ఇళ్లకు తాళాలు వేసుకుని ఊరి బయట పాకల్లో కాపురం పెట్టారు. ఏడాది తిరిగేసరికి పెదనందిపాడు రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి వెంట నడిచి శిస్తు ఆపేశారు. ఈ రెండింటి మధ్య పల్నాడులో పుల్లరి గొడవ రగిలింది. ఆ గొడవలో జైలుకెళ్లిన ఒక బారిస్టరు బయటికి తెచ్చిందే మాలపల్లి నవల.

ఉన్నవ లక్ష్మీనారాయణ 1877లో సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో పుట్టారు. పల్నాడుకు ఆ ఊరు కూతవేటు దూరం. ఆయనకు ముందు అబ్బింది కలం కాదు, పని. వీరేశలింగం బాటలో వితంతు వివాహాలకు నడుం కట్టి, 1902 నాటికే గుంటూరులో వితంతు శరణాలయం నడిపారు. ఆ రోజుల్లో అలాంటి పెళ్లి చేయించినవాడికి వెలి తప్పేది కాదు. ఆ భారం సగానికి సగం మోసింది భార్య లక్ష్మీబాయమ్మ. చరిత్రలు ఆవిడకు ‘సహధర్మచారిణి’ అన్న ఒక్క మాటతో సరిపెడుతుంటాయి. నిజానికి గుంటూరు శారదానికేతనం పేరెత్తితే ముందు చెప్పుకోవలసింది ఆవిడ పేరే. 1922లో మొదలైన ఆ బడిలో ఆడపిల్లలకు చదువుతోపాటు చేతిపనులూ నేర్పారు. ఉప్పు సత్యాగ్రహంలో ఆవిడా జైలుకెళ్లింది.

1913లో ఉన్నవ బారిస్టరు చదువుకు డబ్లిన్ వెళ్లారు. మనవాళ్లలో ఎక్కువమంది లండన్ దారి పడితే ఆయన ఐర్లండ్ పోవడం విశేషమే. ఆ ఏడు ఆగస్టులోనే డబ్లిన్‌లో యజమానులు వేలమంది కార్మికులను పనిలోంచి గెంటేసి గేట్లు మూసేశారు. 1916 ఈస్టరుకు అదే ఊళ్లో స్వాతంత్ర్యం కోసం తుపాకులు పేలాయి. ఆ మరుసటి ఏడు రష్యాలో విప్లవం. కూలీల సమ్మె ఎలా కడతారో, ప్రభుత్వం దాన్ని ఎలా విరగ్గొడుతుందో ఆయన పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది కాదనిపిస్తుంది మాలపల్లి చదువుతుంటే.

పుల్లరి సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. పల్నాడు రాతినేల, అప్పట్లో వానాధారం. పశువే ఆస్తి. ఎండాకాలం గడ్డి దొరకాలంటే అడవే గతి. తాతల నాటినుంచి మేపుకుంటున్న అడవి కాస్తా చట్టంతో సర్కారుదయింది, పశువుకింత అని పుల్లరి, అంటే మేత పన్ను, పడింది. పన్ను ఒక్కటే అయితే ఓర్చుకునేవారేమో. ఫారెస్టు ఉద్యోగి వచ్చి మందను బందెలదొడ్డికి తోలడం, విడిపించుకోవాలంటే జుల్మానా కట్టడం, పైగా ఆయనగారికి మామూలు ముట్టజెప్పడం, ఇదంతా కలిసి ఓర్పు చచ్చింది. 1921లో కాంగ్రెసు తరఫున అక్కడి పరిస్థితి చూడబోయిన ఉన్నవను అరెస్టు చేశారు. ఏడాది శిక్ష పడింది. ఆయన జైల్లో ఉండగా 1922 ఫిబ్రవరిలో మించాలపాడు రైతు కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకు బలైపోయాడు.

రాయవెల్లూరు జైల్లో ఉన్నవ రాసుకున్న నవలకు మాలపల్లి అని పేరు, సంగవిజయం అని మరో పేరు. గ్రాంథికం రాజ్యమేలుతున్న కాలంలో గుంటూరు సీమ పలుకుబడితో సాగుతుంది. మంగళాపురం మాలపల్లెలో రామదాసు కుటుంబం కథ అది. కొడుకు సంగదాసు చౌదరయ్య ఇంట పాలేరు. కూలి గింజల్లో కొలవాలా, డబ్బుల్లో ఇవ్వాలా అన్నది అందులో పెద్ద తగవు. ధర పెరిగినప్పుడు గింజలు ఆసామికి చేదు, డబ్బులు కూలివాడికి చేదు. ఇప్పుడు అదే గుంటూరు మైదానాల్లో మిరప కోతలకు కర్నూలు వైపునుంచి కుటుంబాలకు కుటుంబాలే దిగుతాయి. ఆడవాళ్లు పొద్దంతా సాలువెంట వంగి ఎర్రటి కాయలు తుంచుతారు. సాయంత్రానికి చేతులు భగ్గుమంటుంటాయి. అప్పుడు కాటా దగ్గర గొంతులు లేస్తాయి. ఆ మాటలు విన్నవాళ్లకు మాలపల్లిలోని తగవు పాతబడిందని అనిపించదు.

సంగదాసు చౌదరయ్య చేతిలో చనిపోతాడు. రామదాసు వేదాంతంతో భరిస్తాడు. మరో కొడుకు వెంకటదాసు అడవి పట్టి, ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పంచుతాడు. ఉన్నవ మనసు రామదాసు మీదే. గాంధీకి జై కొట్టి జైలుకెళ్లిన మనిషికి అది సహజం. అయినా వెంకటదాసు వచ్చినప్పుడల్లా వాక్యానికి ప్రాణం లేచొస్తుంది. రచయిత ఒప్పుకోని మాటలు పాత్ర మాట్లాడేస్తుంటుంది. నవలకు బలం అక్కడే ఉందని నా లెక్క. రామదాసు తత్వబోధ సాగే పుటలు మాత్రం, నిజం చెప్పాలంటే, కాస్త ఓపిక పట్టి తిప్పాల్సినవి.

దొరలు మాత్రం ఏ పుటనూ తేలిగ్గా తిప్పలేదు. 1923లో నిషేధం పెట్టారు. శాసనమండలిలో గొడవయ్యాక 1928లో కొన్ని కోతలతో వదిలారు. 1936లో మళ్లీ కట్టేశారు. 1937లో రాజాజీ ప్రభుత్వం వచ్చాక గానీ చెర వీడలేదు. రచయితను సర్కారు అంతగా లెక్కలోకి తీసుకోవడం పరాయి పాలన ఉన్న ప్రతిచోటా కనిపిస్తుంది. పాలస్తీనా కవి మహమూద్ దర్వేష్ కవితలు చదివినందుకు, అనుమతి లేకుండా ఊళ్లు తిరిగినందుకు జైలు చూశాడు. నవలాకారుడు ఘసాన్ కనఫానీ 1972లో బేరూట్‌లో కారుబాంబుకు బలయ్యాడు.

ఉన్నవ రాసినవి ఇంకా ఉన్నాయి. పల్నాటి కథ మీద నాయకురాలు నాటకం, స్వరాజ్య సోదె, బుడబుక్కల జోస్యం, భావతరంగాలు. సోదెకత్తె, బుడబుక్కలవాడు వీధిలో ఎత్తుకునే బాణీలో రాజకీయం చెప్పాలనుకున్నారంటేనే తన పాఠకుడు ఎవరో ఆయనకు బాగా తెలుసన్నమాట. 1958 సెప్టెంబరులో కన్నుమూశారు.

ఆయన బతికుండగానే అదే జిల్లాలోంచి మరో గొంతు లేచింది. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువ 1941లో గబ్బిలం అచ్చువేశారు. ఉన్నవ మాలపల్లె మీద రాశారు, జాషువ తన కడుపుమంటే రాశారు. ఒకరు పక్కింటి బాధను తనదిగా చేసుకున్నారు, మరొకరికి ఆ వెసులుబాటే లేదు. మేఘదూతం ఛాయలో, మేఘానికి బదులు గబ్బిలాన్ని కాశీ విశ్వనాథుడి దగ్గరికి పంపడంలోని వెటకారం ఉన్నవకు చేతనయ్యేది కాదు.

1985 జూలైలో కారంచేడు, 1991 ఆగస్టులో చుండూరు. రెండు దళితుల ఊచకోతలూ ఈ మైదానంలోవే. ఆ తర్వాత కలం పట్టిన దళిత కవులు మాలపల్లిని గట్టిగానే నిలదీశారు: రామదాసు అంత సాత్వికుడుగా ఎందుకుండాలి, మా కథ అగ్రకులపు బారిస్టరు ఎందుకు చెప్పాలి అని. 1995లో వచ్చిన ‘చిక్కనవుతున్న పాట’ సంకలనం చదివితే ఆ కోపం ఎంత న్యాయమో తెలుస్తుంది. నిలదీసినవాళ్లలోనూ వెంకటదాసును వదులుకోలేనివాళ్లున్నారు. మాలపల్లి ఇప్పటికీ అచ్చవుతోంది.