బొగ్గు బస్సు: యుద్ధకాలంలో ఇంధనం మారినప్పుడు

రెండో ప్రపంచయుద్ధం వల్ల మన గ్రామాల్లో ధరలు ఎలా పెరిగాయో ముందు భాగంలో చదివారు. అదే యుద్ధం రోడ్డు ప్రయాణాన్ని ఎలా మార్చిందో ఇక్కడ పరిశీలిద్దాం.

1941 నుంచి భారతదేశంలో పెట్రోలుకు రేషను వచ్చింది. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించడంతో అక్కడి చమురు కూడా అందకుండా పోయింది. మద్రాసు రాజధానిలోని బస్సు యజమానులు కర్రబొగ్గు వైపు తిరిగారు. నేటి ప్రకాశం జిల్లా అప్పటికి లేదు. అది 1970లో ఏర్పడింది. ఒంగోలు ప్రాంతం గుంటూరు జిల్లాలో, కందుకూరు నెల్లూరు జిల్లాలో, మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేవి.

బస్సు వెనక ఒక పొడవాటి ఇనుప డ్రమ్ము అమర్చేవారు. అందులో కర్రబొగ్గు పోసి, గాలి తక్కువగా అందేలా మండిస్తే ప్రొడ్యూసర్ గ్యాస్ వచ్చేది. ఇందులో మండే భాగం ముఖ్యంగా కార్బన్ మోనాక్సైడ్. సగానికి పైగా మండని నైట్రోజన్. ఇంజన్ మాత్రం పాత పెట్రోలు ఇంజనే.

అసలు చిక్కు వేడితో వచ్చింది. డ్రమ్ము నుంచి గ్యాస్ కొన్ని వందల డిగ్రీల వేడితో బయటికి వస్తుంది. వేడి గ్యాస్ వ్యాకోచిస్తుంది కనుక సిలిండరులో పట్టేది తక్కువ. 100 డిగ్రీల గ్యాసును 40 డిగ్రీలకు చల్లబరచకపోతే, అదే చోటులో సుమారు 16 శాతం తక్కువ ఇంధనం చేరుతుంది. అందువల్ల నీళ్ల రేడియేటర్ ముందున్నా, గ్యాసు కోసం మరో చల్లబరచే ఏర్పాటు అవసరమైంది. గ్యాసును పొడవైన గొట్టాల గుండా ఇంజన్ దాకా తెచ్చేవారు. ఆ గొట్టాలకు తగిలే గాలే దాన్ని చల్లార్చేది. చల్లారినప్పుడు గొట్టాల్లో నీరు, తారు చేరేవి. వాటిని తరచు తీసివేయాలి. బూడిదను వడపోత ఆపేది.

ఈ ఏర్పాటులోనే ఒక లోపం ఉంది. గొట్టాలను చల్లార్చే గాలి బస్సు వేగం మీద ఆధారపడుతుంది. నల్లరేగడి నేలల్లో వాన పడితే దారి బంక అవుతుంది. బస్సు మెల్లగా కదులుతూనే ఎక్కువ శక్తి కోరుతుంది. అంటే చల్లదనం ఎక్కువ కావలసిన వేళకే గాలి తక్కువ. మే నెల ఎండలో బయటి గాలే 40 డిగ్రీలు దాటితే గ్యాసు అంతకన్నా చల్లబడదు. మొత్తం మీద పెట్రోలుతో వచ్చే శక్తిలో సుమారు మూడో వంతు నుంచి సగం దాకా తగ్గేది.

ఆ లోటును పూడ్చింది మనుషులే. క్లీనరు తెల్లవారకముందే లేచి బొగ్గు నింపి, పంకాను చేత్తో తిప్పి నిప్పు రాజేసేవాడు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ మూసిన షెడ్డులో ప్రాణాపాయం. ఎత్తు వచ్చినచోట ప్రయాణికులు దిగి నడిచేవారు, కొన్నిసార్లు నెట్టేవారు కూడా. యుద్ధం ముగిసి పెట్రోలు సరఫరా మెరుగుపడ్డాక ఈ డ్రమ్ములు క్రమంగా తొలగిపోయాయి.

యుద్ధకాలపు కొరతను లెక్కలు, ఉత్తర్వుల ద్వారానే అర్థం చేసుకోలేం. ఇంధనం ఒక్కటి మారితే వేడి ప్రయాణించే దారి మొత్తం మారింది; దాని బరువు జీతం తక్కువైన క్లీనరు మీద ఎక్కువగా పడింది.

మీ ప్రగతిని తెలుసుకోండి: ప్రొడ్యూసర్ గ్యాసును ఇంజనుకు పంపే ముందు ఎందుకు చల్లబరచాలి? మీ ఊరి పెద్దలు బొగ్గు బస్సుల గురించి విన్న సంగతులు అడిగి, పది వాక్యాల్లో రాయండి.