జీవో 3 కరెంట్ అఫైర్స్‌లో ఒక్క లైన్, దాని వెనక 180 ఏళ్ల చరిత్ర

గ్రూప్స్‌కి, సివిల్స్‌కి, డీఎస్సీకి చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ పోస్ట్ కొంచెం పొడుగే. తీరిగ్గా చదవండి, పనికొచ్చేది నోట్స్‌లో రాసుకోండి.

ఏ కరెంట్ అఫైర్స్ పుస్తకం తీసినా ఒక లైన్ కనిపిస్తుంది: 'షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులకు 100 శాతం ఎస్టీ రిజర్వేషన్ ఇచ్చిన జీవో 3ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది.' బయటివాళ్లకి అది ఒక బిట్టు. మనకి అది మన ఊరి బడిలో ఉద్యోగం. అందుకే మనం దాన్ని బిట్టులాగా బట్టీ పట్టి వదిలేయకూడదు. 1/70 కోర్టులో ఎందుకు నిలబడింది, జీవో 3 ఎందుకు పడిపోయింది? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్తే మెయిన్స్‌కి కావాల్సిన చరిత్ర, పాలిటీ, కరెంట్ అఫైర్స్ మూడూ ఒకే దారంలోకి వస్తాయి.

మొదలు 1839 నుంచి. ఆ ఏడాది కంపెనీ ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి, మామూలు కోర్టుల నుంచి తప్పించింది. అక్కడ కలెక్టరే గవర్నర్ ఏజెంట్‌గా పాలన చూసేవాడు. మనం ఇప్పటికీ 'ఏజెన్సీ' అంటున్నామే, ఆ మాట ఈ ఏజెంట్ నుంచే వచ్చింది. 1874లో షెడ్యూల్డ్ జిల్లాల చట్టం వచ్చింది. 'షెడ్యూల్డ్' అనే మాటకి అదే పాత చుట్టం. ఇదంతా మన మీద ప్రేమతో చేసింది కాదు. కొండల్లో మామూలు పాలన నడపడం కష్టం, తిరుగుబాట్లు ఖర్చు, అందుకని వేరుగా పెట్టారు. వేరుగా పెట్టినా దోపిడీ ఆగలేదు. కల్లు మీద పన్ను, పోలీసుల వసూళ్లు, మైదానం వ్యాపారుల అప్పులు కలిసి 1879లో రంప పితూరీ అయ్యాయి.

ఆ తర్వాత భూమి గురించి మొదటి గట్టి చట్టం 1917లో వచ్చింది. పేరు ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదలాయింపు చట్టం. పేరులోనే చూడండి, వడ్డీ ముందుంది, భూమి తర్వాత ఉంది. మన పెద్దల భూమి పోయిన దారి కూడా అదే వరసలో ఉంది: ముందు అప్పు, తర్వాత వడ్డీ, చివరికి పొలం. ఈ చట్టం వడ్డీకి ఏడాదికి 24 శాతం హద్దు పెట్టింది. ఏజెంట్ అనుమతి లేకుండా కొండజాతి మనిషి భూమి బయటివాళ్లకి మారితే చెల్లదంది. అంటే అనుమతి ఉంటే మారొచ్చు అన్నమాట. ఆ కంతలోంచే చాలా భూమి జారిపోయింది. ఇక అడవి మీద ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టి అలాగే ఉన్నాయి. 1922లో అల్లూరి సీతారామరాజు, గాం సోదరులు, ముఠాదారులు లేచింది అందుకే.

గోదావరికి అవతల, నిజాం రాజ్యంలో కథ వేరుగా నడిచి అక్కడికే చేరింది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడయ్యాక, గోండుల్లో ఈ కోపం ఎందుకు వచ్చిందో తెలుసుకోడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ చేత అధ్యయనం చేయించింది. 1940ల్లోనే గిరిజన ప్రాంతాల కోసం ప్రత్యేక రెగ్యులేషన్ వచ్చింది, గోండులకి, కోలాంలకి పట్టాలు మొదలయ్యాయి. రెండు వైపులా వరస ఒకటే: ముందు తిరుగుబాటు, వెనక చట్టం. పరీక్షలో 'గిరిజన ఉద్యమాల ఫలితాలు' అని అడిగితే ఈ వరసే మీ జవాబుకి వెన్నెముక.

1950లో రాజ్యాంగం వచ్చింది. 244(1) అధికరణ, ఐదో షెడ్యూల్. ఇక్కడ కాస్త ఆగి చదవండి, అసలు కీలకం ఇక్కడే ఉంది. ఐదో షెడ్యూల్ ఐదో పేరాలో గవర్నర్‌కి రెండు దారులు ఇచ్చారు. 5(1) ప్రకారం పార్లమెంటు లేదా అసెంబ్లీ చేసిన ఒక చట్టం షెడ్యూల్డ్ ప్రాంతానికి వర్తించదని గానీ, ఈ మార్పులతో వర్తిస్తుందని గానీ నోటిఫికేషన్ ఇవ్వొచ్చు. 5(2) ప్రకారం ఆ ప్రాంతంలో శాంతి, సుపరిపాలన కోసం తానే రెగ్యులేషన్ చేయొచ్చు. భూబదలాయింపు ఆపడం, వడ్డీ వ్యాపారాన్ని అదుపు చేయడం అందులో పేరు పెట్టి రాశారు. కానీ రెగ్యులేషన్‌కి ముందు గిరిజన సలహా మండలిని సంప్రదించాలి, తర్వాత రాష్ట్రపతి ఆమోదం కావాలి. దారి పొడుగు, కానీ గట్టిది.

మన భూమి చట్టం ఈ రెండో దారిలో వచ్చింది. 1959లో 1/59 రెగ్యులేషన్, 1963లో తెలంగాణ షెడ్యూల్డ్ ప్రాంతాలకి దాని విస్తరణ. కానీ అందులోనూ 1917 నాటి కంత కొంత మిగిలింది, అధికారి అనుమతితో అమ్మకాలు సాగాయి. ఈలోగా శ్రీకాకుళం ఏజెన్సీ రగిలింది. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయారు. ఆ వేడిలోనే 1970 ఫిబ్రవరి 3 నుంచి 1/70 అమల్లోకి వచ్చింది. ఇది రెండు పెద్ద పనులు చేసింది. ఒకటి, ఏజెన్సీలో గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి భూమి అమ్మినా చెల్లదు. రెండు, గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. చదువు, కాగితం లేని మన తాతల మీద రుజువు భారం తీసేసిన మాట అది. దీని మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1988లో పి. రామిరెడ్డి కేసులో కోర్టు 1/70 చెల్లుతుందని చెప్పింది.

1997 జూలై 11న సమత తీర్పు ఇంకో అడుగు వేసింది. విశాఖ ఏజెన్సీలో అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద కేసు అది. 1/70లో ఉన్న 'వ్యక్తి' అనే మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని, అందుచేత సర్కారు భూమిని కూడా గిరిజనేతర కంపెనీలకి గనుల కోసం లీజుకివ్వడం కుదరదని ముగ్గురిలో ఇద్దరు జడ్జీలు తేల్చారు. 1996 పెసా చట్టాన్ని, 2006 అటవీ హక్కుల చట్టాన్ని ఈ తీర్పుకి రెండు పక్కలా పెట్టుకుని చదవండి, బాగా గుర్తుంటాయి.

ఇప్పుడు ఉద్యోగాల దారికి వద్దాం. ఏజెన్సీ బడులకి మైదానం నుంచి వేసిన టీచర్లు సరిగ్గా రావట్లేదనేది పాత బాధ. వచ్చినా పిల్లల భాష రాదు. కువి, సవర, కోయ, గోండి మాట్లాడే పిల్లాడికి ఒకటో తరగతిలో తెలుగే పరాయి భాష. అందుకే 1986లో జీవో 275, అది కోర్టుల్లో నిలవకపోతే 2000 జనవరి 10న జీవో 3 ఇచ్చారు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే, అందులో మూడో వంతు మహిళలకి. ఉద్దేశం మంచిది, అవసరం నిజం. కానీ ఎంచుకున్న దారి 5(1), అంటే నోటిఫికేషన్ దారి.

2020లో చేబ్రోలు లీలాప్రసాదరావు కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం ముఖ్యంగా చెప్పినవి ఇవి. 5(1) కింద ఉన్న చట్టాన్ని ఆపొచ్చు, మార్చొచ్చు గానీ ఉద్యోగ నియామకాలకి కొత్త నిబంధన పుట్టించలేరు. ఆ అధికారం ప్రాథమిక హక్కులకి లోబడే ఉంటుంది. 100 శాతం అంటే మిగతావాళ్లకి తలుపు పూర్తిగా మూసేయడమే, 14, 16 అధికరణలకి అది విరుద్ధం. 371డి కింద జిల్లాని స్థానిక యూనిట్‌గా పెట్టిన రాష్ట్రపతి ఉత్తర్వుకీ విరుద్ధం. 1950 జనవరి 26 నుంచి ఏజెన్సీలోనే ఉన్న కుటుంబం అయ్యుండాలన్న షరతు వల్ల ఆ లెక్కలోకి రాని మిగతా ఎస్టీలకీ నష్టమే అంది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లని మాత్రం, ఇకముందు పరిమితి దాటకూడదనే షరతుతో, కదిలించలేదు.

అదండీ తేడా. 1/70 రెగ్యులేషన్ దారిలో వచ్చింది, భూమి అనే మాట రాజ్యాంగంలోనే రాసి ఉంది, రాష్ట్రపతి ఆమోదం ఉంది. జీవో 3కి ఆ మూడింటిలో ఏదీ లేదు. అయితే ఒక జాగ్రత్త: 'రెగ్యులేషన్ చేస్తే 100 శాతం నిలబడుతుంది' అని పరీక్షలో రాయకండి, బయటా అనకండి. 100 శాతం అనేదే సమానత్వానికి విరుద్ధమని కోర్టు విడిగా చెప్పింది. కాబట్టి కొత్తగా అడిగేటప్పుడు శాతం ఎంత, స్థానికత ఎలా లెక్కపెట్టాలి, గిరిజన భాష వచ్చినవాళ్లకి ప్రాధాన్యం ఎలా ఇవ్వాలి, ఏ బడుల్లో ఎంత ఖాళీ ఉంది అనే లెక్కలతో అడగాలి. తీర్పు తర్వాత ఏజెన్సీలో బంద్‌లు, ర్యాలీలు జరిగాయి. ఆ గొంతు కావాలి. దాని పక్కన కాగితం కూడా కావాలి. ఆ కాగితం రాయాల్సింది ఇప్పుడు చదువుకుంటున్న మనమే.

రివిజన్‌కి ఒక మాట. తేదీలు విడివిడిగా బట్టీ పడితే హాల్లో జారిపోతాయి. ఇలా దండ కట్టండి: 1839, 1874, 1879, 1917, 1922, 1940, 1950, 1959, 1970, 1988, 1996, 1997, 2000, 2006, 2020. ఒక్కో దాని ఎదురుగా 'ఎవరు లేచారు, ఏ చట్టం వచ్చింది, ఏ కంత మిగిలింది' అని మూడు ముక్కలు రాయండి. కొత్త వార్త ఏది వచ్చినా ఈ దండలో ఎక్కడ గుచ్చాలో చూడండి. 2016లో కొమురం భీం పేరుతో జిల్లా, 2022లో పాడేరు కేంద్రంగా అల్లూరి జిల్లా, 2023 నవంబర్ 15న బిర్సా ముండా జయంతి నాడు మొదలైన పీఎం జన్‌మన్, ఇవన్నీ వెనక ఉన్న పోరాటాలతో కలిపితేనే అర్థమవుతాయి.

మన పెద్దలు ప్రాణాలు పెట్టి చట్టాలు తెచ్చారు. వాటిలో కంతలు ఎక్కడున్నాయో చదివి పట్టుకోవడం మన వంతు. రేపు మీలో ఒకరు ఐటీడీఏ పీవో కుర్చీలో కూర్చుంటారు, అప్పుడు భూమి కేసు ఫైలు ముందుకొస్తే ఈ వరస గుర్తుండాలి. డౌట్లుంటే కింద అడగండి, తెలిసినవాళ్లు చెప్పండి. జోహార్.