గ్రాఫిక్స్ డ్రైవర్లలో మెమరీ రేస్ నివారణ

ఒకే మెమరీ భాగమును ఇద్దరు కర్తలు ఏకకాలమున తాకుచు, వారిలో ఒకరైనను దానిని మార్చునపుడు, ఎవరు ముందు వచ్చిరన్న యాదృచ్ఛికతపై ఫలితము ఆధారపడు అవస్థకు రేస్ కండిషన్ అని పేరు. తెరపై చిత్రములను గీయు జీపీయూనకును, దానికి పనులను అప్పగించు సీపీయూనకును మధ్యవర్తియైన గ్రాఫిక్స్ డ్రైవరునందు ఈ అవస్థ మిక్కిలి ప్రమాదకరము. ఏలయన, సీపీయూ వేరొక పనిలో మునిగియుండగా జీపీయూ తన ఆజ్ఞలను తన వేగమున, తన వరుసలో నెరవేర్చుచుండును.

ఒక వీడియో గేము తన చిత్రపు బఫరును విడిచినదనుకొందము. డ్రైవరు ఆ పేజీలను తత్క్షణమే మరియొక ప్రోగ్రామున కిచ్చినచో, పాత ఆజ్ఞను ఇంకను ముగింపని జీపీయూ ఆ కొత్త యజమాని సొత్తుపై వ్రాయును. తెరపై చారలు పడుట ఇందు స్వల్పనష్టము. పరుల రహస్యములు బయల్పడుటయు, కెర్నెలు కూలుటయు మహానష్టములు.

సీపీయూలోని థ్రెడ్లు లాకుల మూలమున ఒండొరులను నిలుపుకొనగలవు. కాని ఆ సాధారణపు లాకులను జీపీయూ ఎరుగదు, వాటికై ఆగదు. లాకు వేసితిమి గదా యని నిశ్చింతగా నుండుటయే ఈ రంగమున పెక్కు దోషములకు మూలమని చెప్పవలెను. జీపీయూ కొరకు వేచియుండు రీతిని ఒక ఉపమానముతో చూతము. 3 కిలోమీటర్లకు మించిన లోతునకు సాగిన కోలారు ఛాంపియన్ రీఫ్ వంటి గనులలో, చిత్తూరు సీమనుండి వెళ్లిన తెలుగు కార్మికు లెందరో ఎరిగిన నియమ మొకటి ఉండెను: గనిలో మనుషులను ఎక్కించి దింపు కేజ్‌లో మనుషులు ఎక్కి, దాని తలుపు మూసి, గంట సంకేతము పంపినగాని పైనున్న వైండింగ్ డ్రైవరు కేజ్‌ను కదల్పరాదు; అతనికి అడుగున జరుగునది కానరాదు, గంటయే ప్రమాణము. జీపీయూ విషయమున ఆ గంటకు బదులుగా నిలుచునది ఫెన్స్. అప్పగించిన పని ముగిసినపుడు జీపీయూ దానిని మ్రోగించును. అంతవరకు బఫరును విడుదల చేయక డ్రైవరు వేచియుండవలెను. ఎందరు వాడుచున్నారో తెలుపు రిఫరెన్స్ కౌంటు సున్నా యైన పిమ్మటను ఈ నిరీక్షణ తప్పదు.

పేజీల చిరునామాల పాత నకళ్లు, చిరునామాల అనువాదములను దాచుకొను జీపీయూ టీఎల్‌బీలో మిగిలియుండుట మరియొక చిక్కు. వాటిని తుడిచివేయు పని లోపించుటవలన ఇంటెల్ ఐ915 డ్రైవరులో ఏర్పడిన భద్రతాలోపము 2022లో వెల్లడియైనది. తుడిచివేత పూర్తియైన తరువాతనే పేజీలను ఇతరులకు ఈయవలెను.

రెండు పనులు రెండు బఫర్లను విపరీతక్రమమున లాకు చేసినచో, ఒకదానికై ఒకటి ఎదురుచూచుచు రెండును నిలిచిపోవును. లినక్సు 3.11తో 2013లో వచ్చిన వూండ్-వెయిట్ మ్యూటెక్సు అను లాకు ప్రతిపనికిని వరుససంఖ్య నిచ్చి, వివాదము కలిగినపుడు వెనుక వచ్చినది తన లాకులన్నింటిని వదలి మరల మొదలిడునట్లు చేయును.

లినక్సు కెర్నెలులోని పరీక్షాసాధనములలో, లాకుల క్రమదోషములను 2006నాటి లాక్‌డెప్, డేటా రేసులను 2020నాటి కేసీశాన్ పట్టియిచ్చుచున్నవి. అయితే ఇవి గమనించునది సీపీయూ నడకను మాత్రమే. కావున వీటినుండి హెచ్చరిక రానంత మాత్రమున డ్రైవరు నిర్దోషమని తలంపరాదు.